బాపు ఆగిన చోట

మా అమ్మాయి కొన్న కొత్త స్పీకరు ఏమడిగినా జవాబు చెబుతుంది. "అది మన మాట వింటుందమ్మా" అని ఆమె మురిసిపోతుంటే నాకు ఒళ్లు మండుతుంది. జవాబిచ్చినంత మాత్రాన విన్నట్టు కాదని నాకు చిన్నప్పుడు కోరుట్లలోనే తెలిసింది.

మా నాన్న, బాపు, దుబాయిలో ఉండేవాడు. ఊరికి వచ్చేవాళ్లతో తన మాటలు నింపిన క్యాసెట్ పంపేవాడు. ఒక్కో ప్రశ్న అడిగి, మేము ఎదురుగా ఉన్నట్టే కాసేపు ఆగేవాడు. ఆ ఖాళీలో వాళ్ల గది ఫ్యాను చప్పుడు వినబడేది.

"బిడ్డా, నీకేం గావాలె?" అన్నాడొకసారి.

టేపురికార్డరుకు మూతి ఆనించి, "నువ్వే రా బాపూ" అన్నాను.

"మంచిది బిడ్డా, గట్లనే" అన్నాడు.

బాపు వస్తున్నాడని వాడకట్టంతా చెప్పి వచ్చాను. అమ్మ కసిరింది. "గవి ఎప్పుడో నింపిన మాటలే. నువ్వన్నది గాయినకు ఇనవడదు."

"ఇనవడకుంటే గట్లనే అని ఎందుకన్నడు?"

అమ్మ క్యాసెట్ వెనక్కి తిప్పింది. "గిప్పుడు రావద్దని చెప్పు. ఏమంటడో సూద్దాం."

బాపు మళ్లీ అడిగాడు, ఆగాడు. అందరితో వాదించే నాకు ఆ ఒక్క మాటకు నోరు పెగల్లేదు. ఏమీ అనకపోయినా బాపు అంతే సంతోషంగా, "మంచిది బిడ్డా, గట్లనే" అన్నాడు.

మేమేం అడుగుతామో ఊహించుకుని ఒప్పుకోవడం తప్ప, అంత దూరం నుంచి ఆయన మాత్రం ఏం చేయగలడు.