మానవజాతి అంతానికి పంపు కాక ఒప్పుకోలేదు

లోకం ఎప్పుడు మునుగుతుందోనని టీవీలు రోజూ ఊదరగొడుతున్నా, గోదావరిఖనిలో మాకు మాత్రం భయపడే తీరిక లేని రోజులవి. సగం ఊరు డ్యూటీకి పోతుండేది, మిగిలిన సగం డ్యూటీ దిగి పడుకునేది. ఈ రెంటికీ మధ్య, మా స్టీలు సామాన్ల దుకాణంలో గల్లా పక్కన స్టూలు మీద కూర్చున్న పందొమ్మిదేళ్ల నేను ఒక్కదాన్నే ఆ భయం నెత్తికెత్తుకున్నాను. హైదరాబాదులో ఒక ప్రచురణ సంస్థ, కాలేజీ పిల్లలు చదివే నవలలు కావాలి, మానవజాతి అంతం గురించి ఉండాలి అని ప్రకటన వేసింది. బాపు దగ్గర బేరం పెట్టాను. నవల అచ్చయితే ఎం.ఏ. తెలుగు చదవడానికి పోతాను, కాకుంటే నోరు మూసుకొని దుకాణం చూసుకుంటాను. బాపు వెంటనే సరేనన్నాడు. (అంత తొందరగా తెగిన బేరంలో నష్టం మనదేనని దుకాణంలో పుట్టిన పిల్లకు తెలియాలి. తెలియలేదు.)

ముప్పై పేజీల్లోనే అందరినీ చంపేశాను. గాలి విషమైపోయింది, మనుషులు పోయారు, పదిహేడేళ్ల పిల్ల ఒక్కతే బొగ్గుబాయిలోకి దిగి బతికింది. మిగిలిన రెండు వందల పేజీలూ ఆ పిల్ల చీకట్లో కూర్చొని మానవజాతి గురించి ఆలోచిస్తుంది. రాస్తూ నేనే రెండుసార్లు ఏడ్చాను. అయితే బాయి లోపల ఎట్లుంటుందో నేను ఏనాడూ చూడలేదు. అందుకని మా వెనక వాడలో ఉండే పంపు కాకకు చదవమని ఇచ్చాను. బాయి అడుగున ఊరే నీళ్లను పంపుతో పైకి తోడే పని ముప్పై ఏళ్లుగా చేస్తున్నాయన. (మెచ్చుకుంటాడనే ఇచ్చాను, అది వేరే మాట.)

మూడోనాడు ఫస్టు షిఫ్టు దిగి, స్నానం చేసి, నోటుబుక్కు చంకలో పెట్టుకొని వచ్చాడు.

“కథ మంచిగున్నది బిడ్డా. కాని నీ పిల్ల నాలుగు దినాలల్ల సచ్చిపోతది.”

“సావదు కాకా. ఆఖరి పేజీ దాక ఉంటది.”

“పంపెవరు నడుపుతున్నరు?”

“ఏ పంపు?”

కాక కళ్లద్దాలు తీసి, కుక్కరు కొనడానికి వచ్చి మూత ఎందుకని అడిగినవాణ్ణి చూసినట్టు నన్ను చూశాడు. “లోకం ఖతమైతే బాయిల నీళ్లు ఊరుడు ఆగుతదా? తోడకుంటే పిల్ల మునుగుతది.”

“సరే, ఒక పంపాయినను పెడ్త.”

“ఒక్కడే రాత్రి పగలు చేస్తడా? మూడు షిఫ్టులకు ముగ్గురు. జరమొస్తే ఇంకొకడు. గాలి ఆడాలంటే ఫ్యాను, ఫ్యానుకు కరెంటు, కరెంటుకు మనుషులు. పైకప్పు కూలకుంట దుంగలు నిలబెట్టేటోళ్లు. అరవై మంది లేంది బాయి నడవదు.”

అరవై మంది మిగిలితే ఇక అంతమైందెవరు? నాలోని దుకాణందారు నిద్రలేచింది. “ఏడుగురు,” అన్నాను.

“యాభై.”

“మీ చర్చిల చెప్పే జలప్రళయం కథల, ఓడల మిగిలింది ఎనిమిది మందే గద కాకా. మనుషులు మళ్ల పుట్టలేదా?”

“అది నీళ్ల మీదుండె బిడ్డా. మనది నీళ్ల కింద.”

ఇక లాభం లేదని, “అయితే వద్దు తియ్, బాయి తీసేసి గుట్టల గుహ పెట్టుకుంట,” అని నోటుబుక్కు మూసి లేచాను. వచ్చిన గిరాకీ అంతా మా బాపు మీద వాడే ఎత్తు అది. కాక బతిమాలలేదు. “నీ ఇష్టం,” అని చెప్పుల్లో కాళ్లు పెట్టాడు. గడప దాటేలోపు నేనే పిలిచాను. “ఆగు కాకా. ఎంతకిస్తవో ఆఖరుగ చెప్పు.” ఇరవై ఒక్కరికి తెగింది. దుకాణం వెనకే ఇల్లు. లోపల్నుంచి అమ్మ, “గంతమందికి వండేదెవరే?” అన్నది. వంటకు ఇద్దరు. మొత్తం ఇరవై ముగ్గురు.

గడువు పన్నెండు రోజులే ఉంది. పట్టుబట్టి మొత్తం తిరగరాశాను. గిరాకీ వచ్చి గిన్నెలు వాయించినా తల ఎత్తలేదు. ఏం లాభం, నా పిల్లకు మానవజాతి గురించి ఆలోచించే తీరిక పోయింది. దిగులుపడదామని కూర్చునేసరికి పంపు దగ్గర డ్యూటీ పడేది. పదిహేనో అధ్యాయంలో ఇద్దరు కొట్లాడుకున్నారు, ఇరవయ్యోదాంట్లో వాళ్లిద్దరికే పెళ్లయింది. నేను ఆపలేకపోయాను.

రెండు నెలలకు జవాబు వచ్చింది. నవల ఆసాంతం చదివించిందట. అయితే తాము అడిగింది మానవజాతి అంతమట, ఇందులో పెళ్లి ఉందట. చివర్లో అందరూ పోయేట్టు మారిస్తే అచ్చువేస్తారట. నాకూ ఎం.ఏ.కూ మధ్య ఒక్క వాక్యం మిగిలింది: పంపు ఆగింది.

కలం పట్టుకొని కాక దగ్గరికే పోయాను. “పంపు ఎట్ల ఆగుతది కాకా?”

“చెడిపోతే బాగుజేస్తం. కరెంటు పోతే మళ్ల వస్తది. మనిషి ఇడిచిపెట్టి పోతే ఆగుతది.” నా చేతిలో కలం చూసి, “కాని వెనక షిఫ్టోడు వచ్చి నిలబడేదాక ముందు షిఫ్టోడు కదలడు బిడ్డా. నా సర్వీసుల గట్ల ఒక్కనాడు కాలే. నువ్వు రాస్తే రాయి,” అన్నాడు.

రాయలేదు. ప్రచురణకర్తలకు నా ఆఖరి మాట రాసి పంపాను: ఇద్దరిని చంపగలను, అది కూడా ముసలివాళ్లను, జ్వరంతో. అంతకు మించి గిట్టుబాటు కాదు. వాళ్లు జవాబు రాయలేదు. బాపుకిచ్చిన మాట ప్రకారం స్టూలు మీంచి గల్లా ముందుకు జరిగాను. ఇప్పటికీ అక్కడే ఉన్నాను.

కాక దిగిన బాయి మూతబడి చాలా ఏళ్లయింది. పంపులు పైకి తెచ్చేశారు, అడుగంతా నీళ్లేనట. నవల మాత్రం అటక మీద కుక్కరు డబ్బాలో పొడిగా ఉంది. మొన్న కాక టిఫిన్ డబ్బాకు మూత మార్పించుకోవడానికి వచ్చాడు. (రిటైరైన మనిషికి టిఫిన్ డబ్బా ఎందుకని నేనడగలేదు.) పోతూపోతూ, “మన బాయి ఎట్లున్నది బిడ్డా?” అన్నాడు. “నడుస్తున్నది కాకా,” అన్నాను.

బజారులో ఎవరికీ పైసా తగ్గించదని నాకు పేరు. ఆ స్టూలు మీది పిల్ల ఇరవై ముగ్గురి దగ్గర అంత మెత్తగా ఎట్లా ఓడిపోయిందా అని ఒక్కోసారి నవ్వొస్తుంది. ఇవాళైనా ఆ వాక్యం రాసి చూద్దామని నోటుబుక్కు కిందికి దించుతాను. దుమ్ము దులిపి, పంపు దగ్గర డ్యూటీలో ఎవరున్నారో చూసి, మళ్లీ పైన పెట్టేస్తాను.