ఇద్దరు రాజవ్వలు, ఒక అచ్చు

1993లో మా కంప్యూటర్ సెంటర్ కరీంనగర్ బస్టాండ్ వెనుక సందులో, ఒక బట్టల దుకాణం పైన ఉండేది. రెండు మిషన్లు, ఒక ప్రింటర్. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లాలి. దుమ్ము పడకూడదని కారణం చెప్పేవాళ్లం కానీ, అందులో కొంత భక్తి కూడా ఉండేది. ప్రింటర్ గరగరమంటూ కాగితం కక్కుతుంటే, కింద చీరలు కొనడానికి వచ్చినవాళ్లు మెట్లెక్కి వచ్చి తలుపు దగ్గర నిలబడి చూసేవారు. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

సెంటర్ రఫీక్ భాయ్‌ది. గిరాకీని ఆయన తెచ్చేవాడు, ప్రోగ్రాములు నేను రాసేవాణ్ణి. ఎరువుల దుకాణమైనా, రైస్ మిల్లయినా, బడి అయినా అందరికీ కావలసినవి అవే: కొత్త వివరం ఎక్కించడం, ఉన్నదాన్ని దిద్దడం, తీసేయడం, ప్రింట్ తీయడం. ప్రతిసారీ అదే కోడ్, పేర్లు మాత్రం వేరు. రాసి రాసి విసుగొచ్చి, ఆ కోడ్‌ను తనే రాసిపెట్టే ఒక ప్రోగ్రాం తయారుచేశాను. మా వృత్తిలో దాన్ని కోడ్ జనరేటర్ అంటారు. తెర మీద ఏయే గడులు ఉండాలో చెబితే చాలు, నేను చాయ్ తాగి వచ్చేలోపు మిగతాదంతా రాసేసేది. మేం దాన్ని ‘అచ్చు’ అనేవాళ్లం.

అచ్చును ఎక్కించిన ఫ్లాపీని బాసర తీసుకెళ్లి సరస్వతమ్మ ముందు పెట్టించుకొచ్చాను. రఫీక్ భాయ్ చాలా రోజులు ఆటపట్టించాడు.

“అందరు పిల్లలకు అక్షరాలు దిద్దిపిస్తరు. డబ్బకు దిద్దిపిచ్చినోనివి నువ్వొక్కనివే యార్.” ఆ తరువాత అచ్చు పని చేయడం చూసి ఇంకో మాట అన్నాడు. “గిది ఇడ్లీ పాత్ర లెక్కుంది. ఏ పిండి పోసినా గదే గుండ్రం.”

నేను దాన్ని మెచ్చుకోలు అనుకున్నాను.

అచ్చును మొదట ఎరువుల దుకాణం కోసం తయారుచేశాను. అక్కడ ‘యూరియా’ అని ఒకసారి ఎక్కించాక మళ్లీ అదే పేరు కొడితే, ధర మారిందని అర్థం. అందుకని పాత వివరం చెరిపేసి, దాని చోట కొత్తది రాసేలా పెట్టాను. దీన్ని ఓవర్‌రైట్ అంటాం. చెరిపేముందు ఎవరినీ అడగదు. దుకాణదారుకు అదే సుఖంగా ఉండేది.

మరుసటి ఏడు మెట్‌పల్లిలో ఒక చిన్న ఆసుపత్రి వాళ్లు కంప్యూటర్ పెట్టుకున్నారు. సరుకు పేరు ఉన్నచోట రోగి పేరు, ఇంటిపేరు, ఊరు పెట్టి అదే అచ్చు పోశాను. ఏ మందు ఎవరికి పడదో రాసుకోవడానికి డాక్టరమ్మ ఒక గడి అడిగింది, అదీ చేర్చాను. పేరు గడి ఇరుకుగా ఉండడంతో, “పెద్ద, చిన్న అని రాయకండి, అసలు పేరు చాలు” అని నర్సు సుజాతకు చెప్పాను.

కొన్ని నెలల తరువాత ప్రింటర్ బాగుచేయడానికి వెళ్లాను. కాలి గాయం చీము పట్టిన ఒకామె బల్ల మీద కూర్చుని ఉంది. డాక్టరమ్మ ఆమెను చూసి, “కంప్యూటర్ల సూడు సుజాతా. పడదని లేకుంటే పెన్సిలిన్ టెస్ట్ డోస్ ఇయ్యి” అని చెప్పి కాన్పు గదిలోకి వెళ్లింది.

“నాకు గా సూది పడది బిడ్డా,” అంది ఆమె. “నిరుడు ఏసుకుంటే పానం పోయినంత పనైంది.”

“కంప్యూటర్ల అట్ల లేదే అవ్వా.” సుజాత నా వైపు తిరిగింది. “సార్, జర మీరు సూడుండ్రి.”

లేచి చూశాను. రాజవ్వ, ఇంటిపేరు, ఊరు అన్నీ సరిపోయాయి. పడని మందు గడిలో ‘లేదు’ అని ఉంది. పక్కనే వయసు కూడా ఉంది, దాన్ని చదవలేదు.

“ఏం లేదవ్వా. నువ్వు వేరే సూది గురించి అనుకుంటున్నవేమో. మనిషి మర్చిపోతడు గని ఇది మర్చిపోది.”

“ఏమో కొడుకా. సదువుకున్నోళ్లు, మీకే ఎర్క,” అంటూ చెయ్యి చాపింది.

కొంచెం మందే వేశారు. అంతలోనే ఆమె పెదవులు ఉబ్బాయి, ఊపిరి ఆడక గొంతు పట్టుకుంది. సుజాత అరుపు విని డాక్టరమ్మ పరుగెత్తుకొచ్చి వేరే సూది వేసింది. ఊపిరి దారిన పడేదాకా నేను ప్రింటర్ పక్కన నిలబడే ఉన్నాను. నా చేతిలో స్క్రూడ్రైవర్ అలాగే ఉంది.

కబురు తెలిసి ఇంకో స్త్రీ ఏడుస్తూ వచ్చింది. పేరు అడిగితే రాజవ్వ అంది. “ఆమె మా అక్క. ఆమె పెద్ద రాజవ్వ, నేను చిన్న రాజవ్వ. ఇద్దరినీ ఒక్క ఇంటికే ఇచ్చిన్రు.” పోయిన నెల జ్వరమొచ్చి తనూ ఇక్కడే చూపించుకుందట. ఆ రోజే నా అచ్చు, అంతకుముందే ఎక్కి ఉన్న పెద్ద రాజవ్వను పడని మందుతో సహా చెరిపేసి, ఆమె చోట చిన్న రాజవ్వను రాసుకుంది. యూరియా ధర మార్చినట్టే.

మా బాపు పేరు నడిపి అంజయ్య. కొండగట్టు అంజన్న మొక్కు వల్ల పుట్టారని మా తాత కొడుకులు ముగ్గురికీ అదే పేరు పెట్టాడు. పెద్ద అంజయ్య, నడిపి అంజయ్య, చిన్న అంజయ్య. ఆ పిలుపుల మధ్య పెరిగినవాణ్ణి నేను.

“ఎవరు ఎక్కించిన్రు గిది?” అని డాక్టరమ్మ అడిగింది. సుజాత తల వంచుకుంది. డాక్టరమ్మ అందరి ముందూ ఆమెను తిట్టింది. నేను నోరు విప్పలేదు. ప్రింటర్ బాగయిందని చెప్పి బస్సెక్కాను.

మర్నాడు పొద్దున్నే తిరిగి వెళ్లి జరిగింది చెప్పాను. డాక్టరమ్మ సుజాతను పిలిచి, “నీ తప్పు లేదట” అంది. సుజాత నా ముఖం చూడకుండా సూదులు మరగబెట్టుకుంటూ, “నిన్న యాదికి రాలేదా సార్?” అంది.

పెద్ద రాజవ్వ మంచం మీద గంజి తాగుతోంది. తప్పు నాదేనని చెప్పాను.

“నా పానం సంగతి నాకు తెల్వదా కొడుకా?” అంది. “గని నువ్వు గంత గట్టిగ చెప్పవడితివి. నాకు నా మీదనే అనుమానమొచ్చింది.”

ఇన్నేళ్లలో నాకు తగిలిన మాటల్లో ఇంత లోతుగా దిగింది మరొకటి లేదు. రికార్డు చెరిగిపోవడం మిషన్ పని. తన శరీరం గురించి తనకు తెలిసిన నిజాన్ని ఆమె చేత అనుమానించేలా చేసింది మాత్రం నేను.

ఇంకా ఎందరు చెరిగిపోయారో తెలియదు. చెరిగినవాళ్ల జాడ తెర మీద ఉండదు. అందుకని, అదే పేరు మళ్లీ వస్తే చెరపకుండా ఆగి అడిగేలా ప్రోగ్రాం దిద్దాక, ఆసుపత్రి గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని, వచ్చినవాళ్లందరినీ అడుగుతూ కూర్చున్నాను. పెద్దనా, నడిపా, చిన్ననా? ఇంట్లో ఇదే పేరు ఇంకెవరికైనా ఉందా? ఏ మందైనా పడదా? కొందరు నవ్వారు, కొందరు విసుక్కున్నారు. “లగ్గం సంబంధాలు సూస్తున్నవా ఏంది?” అని ఒక ముసలాయన ఎకసెక్కమాడాడు. కట్టు మార్పించుకోవడానికి పెద్ద రాజవ్వ వచ్చినప్పుడు, తెలిసి కూడా అడిగాను.

“ఏ రాజవ్వ?”

“పెద్ద. మంచిగ రాసుకో.”

తరువాత ఆ అచ్చు పోసిన చోట్లన్నీ తిరిగాను. జగిత్యాల, నిర్మల్, మంచిర్యాల, ఎక్కడికి వెళ్లినా ముందు నా తప్పు చెప్పి, ఆ తరువాతే ఫ్లాపీ తీశాను. “దుకాణం పేరు పోతది యార్” అని రఫీక్ భాయ్ పరేషాన్ అయ్యాడు. అయినా బడికి నాతో పాటు తనే వచ్చాడు. ఆ పిల్లల జాబితాలో మాయమైన అంజయ్యలను పేరు పేరునా పిలిచి మళ్లీ ఎక్కించాం.

ఇప్పుడు మా పనిలోకి వచ్చేవాళ్ల దగ్గర రెప్పపాటులో కోడ్ రాసే పనిముట్లు ఉన్నాయి. చూస్తే ముచ్చటేస్తుంది. నా అచ్చును మాత్రం నేను ఆ రోజుల్లోనే కొంచెం నెమ్మది చేశాను. కోడ్ రాయడం మొదలుపెట్టే ముందు అది ఆగి ఒక ప్రశ్న అడిగేది. జవాబు కొట్టేదాకా ఒక్క అక్షరం కూడా రాసేది కాదు. నల్లని తెర మీద, ఆకుపచ్చ అక్షరాలతో, ఆ ప్రశ్న ఇది:

పేరు ఎవరిది? వస్తువుదా, మనిషిదా?