ఎనిమిది మందికి ఒక కోడి

1979 జూన్‌లో నర్సీపట్నం ప్రాంతంలో గ్రామసేవికగా చేరాను. పల్లెల్లో మహిళా మండళ్లకు వంట, పోషణ, పొదుపు నేర్పడం మా పని. మాపైన ముఖ్యసేవిక, ఆవిడపైన బి.డి.ఓ. గారు. నా ప్రొబేషన్ ముగిసే నెలలో మాకవరపాలెంలో ఒక ప్రదర్శన అప్పగించారు. అంశం, ఒక కోడితో ఎనిమిది మందికి రెండు పూటలు. చూసి నివేదిక పంపడానికి ముఖ్యసేవిక గారే వస్తున్నారు. నేను శాకాహారిని. ఆ విషయం అడిగే గడి దరఖాస్తులో లేదు.

కోడిని శిక్షణ పుస్తకం ప్రకారమే కొన్నాను. రొమ్ము ఎముక కొన నొక్కితే వంగాలి; వంగితే లేతది. వంగింది. అమ్మినవాడి చేత శుభ్రం చేయించి, ముక్కలు కొట్టనివ్వకుండా తీసుకెళ్లాను. నరికితే ఎముక చితికి మాంసంలో కలుస్తుంది, కీళ్ల దగ్గర కోస్తే వృథా ఉండదు అని పుస్తకంలో ఉంది.

ఇరవై మంది ఆడవాళ్ల ముందు కోడి తొడ మీద కత్తి పెట్టాను. దిగలేదు. ఇంకోచోట పెట్టాను. అక్కడా దిగలేదు. ముఖ్యసేవిక గారు ఏదో రాసుకున్నారు.

ముందు వరుసలో దీనమ్మ గారు ఉన్నారు. ఒక మిషన్ హాస్టల్ వంటశాలలో చాలాకాలం పనిచేసినావిడ.

"ఎముకనెందుకు కోస్తన్నారమ్మా? కీలు సూడండి," అన్నారు.

కత్తి ఆవిడకిచ్చాను. కాలు వెనక్కి విరిస్తే కీలు టక్కుమంది. ఆ సందులో కత్తి సులువుగా దిగింది. కాళ్లు, రెక్కలు, రొమ్ము కాసేపట్లో విడివిడిగా పళ్లెంలో ఉన్నాయి.

అప్పుడు వెనక నుంచి లక్ష్మి అనే ఆ ఊరి కోడలు లేచింది.

"కాళ్లు రెండే కదండీ. ఒకటి మావగారికి, ఒకటి ఆయనకి. ముక్కలు కొట్టిస్తే నాకూ కాసింత కండ ఒచ్చేది. ఇలాగైతే మెడే."

పుస్తకం తిరగేశాను. అందులో దీని గురించి ఏమీ లేదు.

దీనమ్మ గారు కాళ్లు మళ్లీ అందుకున్నారు. ఎముక నుంచి కండ ఒలిచి, రొమ్ము కండతో కలిపి సమానంగా ముక్కలు చేశారు. ఎముకలు, మెడ, వీపు రెండో పూట పులుసుకి పక్కన పెట్టారు.

"కూరలో కాలే కనపడకపోతే ఎవలూ అడగరు," అని లక్ష్మితో అన్నారు.

ముఖ్యసేవిక గారు పంపే నివేదికలో 'ప్రదర్శించినవారు' అన్న గడి నన్ను నింపమంటే దీనమ్మ గారి పేరు రాశాను. అక్కడ నా పేరు రాయమన్నారు. కోసింది నేను కాదని చెప్పాను. ముఖ్యసేవిక గారు అలాగే సంతకం పెట్టారు. ప్రొబేషన్ మూడు నెలలు పొడిగించారు. కత్తి పట్టడం రాదన్నది కారణం. కారణం సరైనదే.

ఆ మూడు నెలల్లో దీనమ్మ గారి దగ్గర కోడి కోయడం నేర్చుకున్నాను. తినడం నేర్చుకోలేదు. ఆ తర్వాత ఉద్యోగమంతా, ఏ ప్రదర్శనకు వెళ్లినా, ఇంట్లో ఆఖరున తినేదెవరో ముందు అడిగాకే కత్తి బయటికి తీసేదాన్ని.