ఆకుల మధ్య మూసిన గది

అంతరిక్షంలో మనుషులు నెలల తరబడి ఉండాలంటే వాళ్లకు గాలి ఎవరిస్తారు? మొక్కలే ఇవ్వాలి. తొంభైల చివర్లో నేను తిరుపతిలో వృక్షశాస్త్రంలో పరిశోధన చేసేటప్పుడు మా సారుకు ఇదే ధ్యాస. కాలేజీ వెనక ఇనుప చట్రానికి గాజు పలకలు బిగించి ఒక గది కట్టించారు. సందులన్నీ జిగురు పెట్టి మూయించారు. చీమ దూరడానికి కూడా దారి లేదు.

లోపల తొట్లలో పాలకూర, తోటకూర, బచ్చలి, చిలగడదుంప తీగ. మన్ను మా నాయన పంపినాడు. కార్వేటినగరం దగ్గర మా చేలోది. పశువుల ఎరువు బాగా కలిసి నల్లబడిన మన్ను. మొక్కలు వారంలోనే ఏపుగా లేచాయి.

ఇక లోపల ఒక మనిషి పగలంతా కూర్చోవాలి. నేను కూర్చుంటానన్నాను. నాతోపాటు పరిశోధన చేసే సత్యవేడు అమ్మాయికి అది నచ్చలేదు. హాస్టల్లో ఇద్దరిదీ ఒకే గది.

"మొన్నటి నుంచీ మబ్బు పట్టుండాది. ఎండ లేకుంటే ఆకులు గాలి యాడ నుంచి ఇస్తాయి? ఎండ కాసినంక కూర్చోరాదా మే?" అంది.

"లైట్లు ఉండాయి కదమ్మా," అన్నారు సారు.

పొద్దున్నే లోపలికి పోయాను. బయట నుంచి తలుపు సందులు మూసేశారు. మాట్లాడడానికి ఒక ఫోను పెట్టారు. లోపలంతా వాన వెలిసినాక తోటలో వచ్చే వాసన. హాయిగా పుస్తకం తీశాను.

మధ్యాహ్నానికి తుంపర మొదలైంది. కరెంటు పోయింది. లైట్లు ఆరిపోయాయి, ఫ్యాను ఆగిపోయింది. గాజు మీద చెమ్మ పట్టింది. కణతలు బరువెక్కాయి. కూర్చున్నదాన్నే, కొండ మెట్లు ఎక్కినట్టు రొప్పుతున్నాను. ఆకలేమో అనుకున్నాను.

"ఎట్లుండాది మే?" అని సత్యవేడు అమ్మాయి ఫోనులో అడిగింది.

"బాగానే ఉండాను."

సారు బ్యాటరీతో నడిచే ఆక్సిజన్ మీటరు చూసి, "ఆక్సిజన్ పెద్దగా తగ్గలేదు. కరెంటు వచ్చేస్తుంది, ఇంకొంచెం సేపు చూద్దాం," అనడం వినిపించింది.

ఆమె ఊరుకోలేదు. గాలి పరీక్షకని గోడలో బిగించిన గొట్టంలోంచి గదిలోని గాలిని, చెడ్డగాలి తగిలితే తెల్లబడే సున్నపు తేటలోకి లాగింది. తేట చూస్తుండగానే పాలలా తెల్లబడింది.

"మన హాస్టల్ రూము నంబరు చెప్పు," అంది ఫోనులో.

చెప్పాను. సరిగ్గానే చెప్పాననుకున్నాను. నేను చెప్పింది ఎప్పుడో బడిలో నా హాజరు నంబరని తర్వాత తెలిసింది. ఆమె ఫోను వదిలేసి తలుపు సందుల్లో జిగురు చీల్చడం మొదలుపెట్టింది. సారు ఆమె చెయ్యి పట్టుకున్నారు.

"ఇన్నాళ్ల కష్టం పోతాదమ్మా!"

"మనిషి పోతాది సార్!"

చెయ్యి విదిలించుకుని తలుపు లాగింది. నా రెక్క పట్టి బయటికి ఈడ్చి తడినేల మీద పడేసింది. అంతా చెడగొట్టినావని ఆమెను నోటికొచ్చినట్టు తిట్టాను. తిడుతూనే వాంతి చేసుకున్నాను.

లోపల ఆక్సిజన్ చాలినంత ఉంది. కానీ మనం వదిలే చెడ్డగాలి, అదే కార్బన్ డయాక్సైడ్, పేరుకుపోయింది. ఎండ లేనప్పుడు ఆకులూ మనలాగే ఆ గాలినే వదులుతాయి. అంతకంటే ఎక్కువగా వదిలింది మన్ను. ఎరువులో బతికే కంటికి కనబడని జీవులన్నీ నాతోపాటు ఊపిరి పీల్చాయి. ఆకుల లెక్క వేశాం గానీ మన్ను ఎవరికీ గుర్తు రాలేదు.

సారు మర్నాడు నన్ను పలకరించి, "ఎండలు ముదిరినంక మళ్లీ చేద్దాం," అన్నారు. నేను కూర్చోనన్నాను. ఆమెతో మాత్రం ఆయన మాట్లాడడం మానేశారు. ఆమె తన పరిశోధన రాసి తీసుకుపోతే చూడకుండా పక్కన పెట్టేవారు. ఎండాకాలం రాకముందే ఆమె చదువు వదిలేసి చిత్తూరులో బడి ఉద్యోగానికి పోయింది. బస్సెక్కించడానికి పోయాను.

"నా వల్లనే కదా," అన్నాను.

"నువ్వు పోయుంటే మీ నాయనకు నేనేం చెప్పేదాన్ని?" అంది. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి.

నేను సారు దగ్గరే ఉండి, మన్ను వదిలే గాలి మీద పరిశోధన ముగించాను. చాలా ఏళ్లకు, ఆయన ఉద్యోగం విరమించే రోజున అడిగారు: "ఆ సత్యవేడు అమ్మాయి ఎట్లుండాది?"

"పిలకాయలకు సైన్సు చెప్తా ఉండాది సార్."

ఆయన తలూపి, మెడలో పూలదండ తీసి బల్ల మీద పెట్టారు. ఇంకేమైనా అంటారేమోనని నిలబడ్డాను. ఆయన సంచి తీసుకుని బయటికి నడిచారు.