బువ్వ పళ్ళెం దగ్గర సుజన చోటు

సుజన ఇప్పుడు అరవై నాలుగు కిలోలు. మూడేళ్ళ కిందట నూట పన్నెండు. హైదరాబాదులో ఆమె పొట్టను కోడిగుడ్డంత సంచిగా కుట్టి, తిన్నగా పేగుకు కలిపారు. తమ ఊరు బాన్సువాడలో మాత్రం పిత్తాశయంలో రాళ్ళు తీయించుకున్నానని చెప్పింది. ఒళ్ళు తగ్గడానికి కడుపు కోయించుకున్న ఆడదాన్ని చూసి జనం నవ్వుతారని ఆమె లెక్క.

ఈ ఆపరేషన్ కొత్త జీవితం ఇస్తుందని ఆసుపత్రి బోర్డుల మీద రాస్తారు. ఇచ్చింది, కాదనలేం. మోకాళ్ళ నొప్పి పోయింది. తనతో కూర్చుని తినే మనుషులూ పోయారు. నాలుగు చెంచాల పప్పన్నం అరగంట నమలాలి. తీపి ముట్టిందా, గుండెదడ, చెమటలు, పేగులు మెలితిప్పే నొప్పి, ఆ పైన విరేచనాలు. ఆమె నమిలేదాకా ఆగలేక భర్త రాజేశ్వర్ తన పళ్ళెం పట్టుకుని టీవీ ముందుకు వెళ్ళిపోయాడు. అక్కడే స్థిరపడ్డాడు.

నిరుడు మాఘంలో అన్న పెద్దకూతురి పెళ్ళి. వాళ్ళ ఇళ్ళలో తలంబ్రాలయ్యాక బువ్వ పెడతారు. ఒకే పెద్ద పళ్ళెం చుట్టూ పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు, దగ్గరి చుట్టాలు కూర్చుని నెయ్యీ బెల్లమూ కలిపిన అన్నం తింటారు. మేనత్త కూర్చోనిదే మొదలవదు. నలుగురితో కలిసి తినే చోటు సుజనకు అదొక్కటే మిగిలింది. వదులుకోదలచలేదు. మెతుకులు కెలుకుతూ తిన్నట్టు నటించవచ్చనుకుంది.

వదిన సత్యమ్మ ముందు నటన సాగలేదు.

“ఏంది సుజనా, కోడిపిల్ల లెక్క ఏరుకుంటున్నవ్? సన్నగైతివని నాజూకు గూడ వచ్చిందా? నోరు తెరువ్!”

అరచేతి నిండా ముద్ద. అందరూ నవ్వారు. సుజన నోరు తెరిచింది.

పావుగంటకు ఫంక్షన్ హాలు బాత్రూంలో గోడ పట్టుకుని కూర్చుంది. బయట అప్పగింతల ఏడుపులు. సత్యమ్మ తలుపు బాదింది.

“పిల్ల పోతుంది, మేనత్త ఏదని అడుగుతుండ్రు! లోపట ఏం జేస్తున్నవే?”

“వదినా, అవి రాళ్ళు గావు. కడుపు చిన్నగ జేపిచ్చుకున్న. తీపి పడ్తలేదు.”

సత్యమ్మ తలుపు బాదడం ఆపింది.

“ముందుగాల చెప్తే ఏమైతుండె? నా చేతుల్తోని కుక్కితి గదనే!”

నవ్వుతారనుకున్న చోట జాలి దొరికింది. జాలి ఎంతపని చేస్తుందో సుజన అప్పటికి ఎరగదు.

ఈ ఏడు చిన్నకూతురి పెళ్ళి. పట్టుచీర కుచ్చిళ్ళు సర్దుకుని సుజన పళ్ళెం వైపు నడుస్తుంటే సత్యమ్మ చేయి పట్టుకుంది.

“నువ్వు గిటు రా. బెల్లం లేకుంట నీకు వేరే వండిపిచ్చిన. గా గోలల నీకెందుకు తిప్పలు? నీ జాగల మా అక్కను కూసోవెట్టిన, ఫికర్ జెయ్యకు.”

పక్కగదిలో ఏసీ వేసి ఉంది. బల్లమీద గిన్నెలో మెత్తటి పప్పన్నం, చిన్న చెంచా. ఎవరూ వచ్చి ఇబ్బంది పెట్టకుండా తలుపు కూడా సత్యమ్మే దగ్గరికి వేసి వెళ్ళింది. అవతల ఎవరో ఎవరి నోట్లోనో ముద్ద కుక్కుతున్నారు, ఒకటే నవ్వులు. సుజన చెంచా నోట్లో పెట్టుకుని నమలసాగింది. అన్నం సరిగ్గా ఆమెకు పడేట్టే వండారు.