పగటి నిద్రకు మట్టి గది

1992 వేసవి. గల్ఫ్ యుద్ధం ముగిసి ఏడాది దాటింది. యెమెన్ సరిహద్దుకు దగ్గరగా ఉన్న నజ్రాన్‌లో, వాగుల మీద చిన్న వంతెనలు కట్టే కంపెనీలో నేను సైట్ ఇంజినీరుగా పనిచేస్తున్నాను. మాది కర్నూలు జిల్లా, డోన్ వైపు. మా ప్రాజెక్ట్ మేనేజరు మూర్తిగారిది బందరు. పరాయి దేశంలో తెలుగువాడు పైఅధికారిగా దొరికాడని మొదట్లో సంతోషించాను.

యుద్ధం కోసం తూర్పు ప్రాంతంలో వెలసిన క్యాంపులు ఎత్తేశాక వాటిలోని మొబైల్ హోమ్‌లు చవగ్గా అమ్మకానికి వచ్చాయి. ఇనుప ఛాసిస్, చక్రాలు, పైన రేకు గది. లారీకి కట్టి ఎక్కడికైనా లాక్కుపోవచ్చు. సౌదీలో అందరూ వాటిని క్యారవాన్ అనేవారు. మా కంపెనీ కొన్నవి అప్పటికే ముసలివి. నేల ప్లైవుడ్ కుళ్లిపోయింది. వేడి ఆపడానికి గోడల మధ్య పెట్టిన గ్లాస్ వూల్, అంటే గాజు పీచు, పొడిపొడిగా రాలిపోయి అడుగున పోగైంది. కూలీలకు అవే ఇళ్లు.

వేసవిలో పగలు కాంక్రీట్ పోస్తే నీరు త్వరగా ఆవిరై పగుళ్లు వస్తాయి. అందుకని రాత్రిళ్లు పోసేవాళ్లం. ఆ పనివాళ్లు నిద్రపోవాల్సింది పగలే. క్యాంపు జనరేటర్‌ను మాత్రం పొద్దున్నే ఆపేసేవారు. ఏసీలు గోడకు ఉత్తుత్తి పెట్టెల్లా వేలాడేవి. ఆఫీసుకు వేరే జనరేటర్ ఉండేది, అది ఆగేది కాదు.

కడ్డీలు కట్టే స్టీల్ ఫిక్సర్ యాదగిరి ఒక మధ్యాహ్నం నిద్రలోనే స్పృహ తప్పాడు. మా డ్రైవర్ మస్తాన్, కడప మనిషి, అతణ్ణి పికప్‌లో వేసుకుని ఆసుపత్రికి తీసుకుపోయాడు. హీట్ స్ట్రోక్, వడదెబ్బ అన్నారు. మూత్రపిండాలకు కూడా దెబ్బ తగిలిందట. నేను చూడటానికి వెళ్తే మంచం మీద లేవబోయాడు.

"పండుకో యాదగిరీ. ఇప్పుడెలా ఉంది?"

"ఇక్కడ సల్లగున్నది సార్. ఆడ కండ్లు మూస్తే పెనం మీద పండుకున్నట్టే ఉంటది. ఎండల పని జెయ్యమంటే జేస్తం. నిద్ర గూడ ఎండలనే అంటే ఎట్ల సార్?"

అతను కరీంనగర్ జిల్లావాడు. గొంతులో కోపం లేదు. నన్ను నిజంగానే అడుగుతున్నాడు.

మూర్తిగారి దగ్గరకు వెళ్లి పగలు కూడా జనరేటర్ నడపమన్నాను.

"పగలు క్యాంపులో ఎవరుంటారండీ?" అన్నారు.

"రాత్రి పనిచేసినవాళ్లు ఉంటారండీ."

"సమ్మర్ ఎంత, రెండు నెలలు. వాళ్లు మన ఊళ్లో ఏసీల్లో పడుకుని వచ్చారా ఏవిటి?"

ఈ మాట ఆయన చల్లటి గదిలో, టీ తాగుతూ అన్నారు. మన ఊళ్లో వాళ్లు రేకు డబ్బాలో తలుపేసుకుని పడుకోరని చెప్పాను. ఆయన ఫోన్ అందుకున్నారు.

మా వైపు ఇళ్లు రాతి గోడల మీద మట్టి కప్పిన మిద్దెలు. వాటిలో ఏప్రిల్ మధ్యాహ్నం హాయిగా నిద్రపడుతుంది. నజ్రాన్‌లో అయితే మట్టితోనే మేడల మీద మేడలు కట్టారు. మా క్యాంపు ఉన్న స్థలం అబూ సాలెహ్ అనే పెద్దాయనది. పక్కనే ఆయన ఖర్జూర తోట, అందులో నాలుగంతస్తుల మట్టి ఇల్లు. ఒక క్యారవాన్‌కు మట్టి కవచం వేస్తామని మూర్తిగారిని అడిగాను. "మీ సరదా మీది. పని గంటలు పోకూడదు," అన్నారు.

మస్తాన్‌ను దుబాసీగా వెంటబెట్టుకుని అబూ సాలెహ్‌ను మట్టి అడిగాను. ఎవరి కోసమని అడిగాడాయన. రాత్రి పనిచేసి పగలు పడుకునేవాళ్ల కోసమని మస్తాన్ చెప్పాడు. తోటలోని బంకమట్టి, గోధుమ గడ్డి, పడిపోయిన ఖర్జూర మొద్దులు ఊరికే ఇచ్చాడు. రోజూ పొద్దు వాలే వేళ చేసే అసర్ నమాజ్ అయ్యాక వచ్చి గోడ ఎండిందో లేదో చేత్తో తట్టి చూసేవాడు.

షిఫ్టుకు ముందు సాయంత్రాల్లో కూలీలే పనిచేశారు. చక్రాలు విప్పి ఛాసిస్‌ను రాళ్ల మీద కూర్చోబెట్టాం. తడి మట్టి తగిలితే ఇనుము తుప్పు పడుతుంది కనుక ముందు తారు పూశాం. కుళ్లిన ప్లైవుడ్ పీకేసి, అడుగున మట్టి నింపి దిమ్మిస కొట్టాం. లోపలి గోడలకు ఖర్జూర మట్టల చాపలు బిగించి పైన మట్టి పూశాం. రేకుకు జానెడు దూరంలో చుట్టూ మందపాటి మట్టి గోడ లేపాం. ఒక వరుస ఎండాకే దాని మీద ఇంకో వరుస. పాత రేకు కప్పు మట్టి బరువు మోయలేదు. అందుకే మొద్దులను మట్టి గోడల మీదే ఆనించి, చాపలు పరిచి, పైన మట్టి కప్పాం. రెండు కప్పుల మధ్య వేడి గాలి పోవడానికి కంతలు వదిలాం.

ఆసుపత్రి నుంచి వచ్చిన యాదగిరి అందులో పడుకున్నాడు. మధ్యాహ్నం తలుపు తీసి చూస్తే అందరూ గురకపెడుతున్నారు. ఉద్యోగంలో నేను అంత తృప్తి పడ్డ రోజులు తక్కువ.

ఆ తృప్తి వారం కూడా నిలవలేదు. రియాద్ హెడ్డాఫీసు నుంచి పెద్దవాళ్లు వస్తే మూర్తిగారు ఆ గదిని తన ఆలోచన అని చూపించారు. వాళ్లకు అది ముచ్చటగా తోచింది. మర్నాడు కూలీల మంచాలు బయట పడేశారు. లోపల తివాచీ, దిండ్లు వచ్చాయి. దానికి గెస్ట్ హౌస్ అని పేరు పెట్టారు.

"వాళ్ల చేతులతో కట్టుకున్న గదండీ అది," అన్నాను.

"మీరు ఇంజినీరా, లేబర్ లీడరా? మీ పాస్‌పోర్టు ఎవరి దగ్గరుందో గుర్తుందా?"

యాదగిరి మళ్లీ రేకు గదిలోకి వెళ్లాడు, మళ్లీ పడిపోయాడు. ఈసారి కంపెనీ అతణ్ణి ఎక్సిట్ వీసా మీద ఇంటికి పంపేసింది. నీళ్లు తాగడంలో అతని అజాగ్రత్తే కారణమని రిపోర్టు రాసి నన్ను సాక్షిగా సంతకం పెట్టమన్నారు. నేను పెట్టలేదు. మంచం లాగేసి పడగొట్టి, ఆ పైన తప్పు అతనిదే అనడానికి ఎంత తెంపు కావాలో ఇప్పటికీ నాకు అంతుబట్టదు. ఎయిర్‌పోర్టుకు వెళ్తూ అతను నాతో ఒక్కమాటే అన్నాడు. "గా గదిల మంచిగ నిద్రవట్టింది సార్."

మస్తాన్ ఈ సంగతి అబూ సాలెహ్‌కు చెప్పాడు. ఆ మధ్యాహ్నమే పెద్దాయన కర్ర పట్టుకుని వచ్చి గెస్ట్ హౌస్ తివాచీ మీద కూర్చున్నాడు. మూర్తిగారు పరుగున వచ్చి కాఫీ తెప్పించారు. పెద్దాయన ముట్టుకోలేదు. మస్తాన్ తెలుగులో చెబుతూ పోయాడు.

"ఈ మట్టి పగలు పడుకునేటోళ్లకు ఇచ్చినానంటాండాడు సార్. మీరు పగలు పడుకుంటారా అని అడుగుతాండాడు."

మూర్తిగారు నవ్వబోయి మానుకున్నారు.

"వాళ్లను లోపలికి పంపండి, లేకుంటే నా మట్టి నాకియ్యండి, నా జాగా ఖాళీ చెయ్యండి అంటాండాడు."

పొద్దు వాలకముందే తివాచీ బయటికి, మంచాలు లోపలికి వెళ్లాయి. మరో వారానికి పగలు జనరేటర్ కూడా మోగింది. క్యాంపంతా సంతోషించింది. నాకు ఒళ్లు మండిపోయింది. నేను చెప్పిందే అబూ సాలెహ్ చెప్పాడు. మూర్తిగారికి అర్థమైంది వేడి సంగతి కాదు, చెప్పినవాడు ఎవరన్నదే. ఒక మనిషి ఆరోగ్యం పోయాక, స్థల యజమాని కన్నెర్ర చేస్తే తప్ప పడని స్విచ్ అది. డబ్బు లేక ఆగింది కాదు, తెలియక ఆగిందీ కాదు.

సంతకం పెట్టనందుకు నన్ను రియాద్‌కు బదిలీ చేశారు. అక్కడ మలాజ్ అనే పేటలోని ఆఫీసులో డ్రాయింగులు సరిచూసే పని. ఆ తర్వాత ఎన్నో లేబర్ క్యాంపుల ప్లాన్లు నా బల్ల మీదికి వచ్చాయి. ఎవరు ఏ వేళ పడుకుంటారో రాయని ప్లాన్‌ను నేను వెనక్కి పంపేవాణ్ణి. కట్టడం పూర్తయ్యాక మిట్టమధ్యాహ్నం వెళ్లి, ఆ క్యాంపు మేనేజరును కూడా లోపలికి పిలిచి, తలుపు వేసి, మంచం మీద కూర్చోమనేవాణ్ణి. కాసేపటికి ఆయన చెమట తుడుచుకుంటూ లేవబోతే, ఇంకాసేపు కూర్చోండి అనేవాణ్ణి.