నిచ్చెన మీద ఈల వేసే పిట్ట

లుడ్విక్ బాబాయి తన డెబ్బయ్యేళ్ళ జీవితంలో అలసిపోయి ఆగింది ఒక్కసారి కూడా లేదు. ఆగడం మాత్రం ప్రతి ఆదివారం ఆగేవాడు. కొండ సైకిలు మీద తీహా శిఖరానికి ఎక్కుతూ ఎక్కుతూ, సరిగ్గా దారి నిట్టనిలువుగా లేచే చోట, టక్కున కాలు కింద పెట్టేసేవాడు. "ఏం బాబాయ్, ఆయాసమా?" అని ఎవరైనా అడిగితే ఆయనకు ఎక్కడలేని ఆశ్చర్యమూ ముంచుకొచ్చేది.

"ఆయాసమా? నాకా? మబ్బు దాటుతోంటేనూ, దారిచ్చాను."

ఒక ఆదివారం మబ్బు. ఇంకో ఆదివారం నత్త. "కుడి పక్కనుంచి వస్తోందయ్యా. కుడి పక్కవాడికి ముందు దారివ్వాలని రూలుందా లేదా?" మరో ఆదివారం ఏకంగా తన నీడ. "వెనకబడిపోయింది. దానికీ వయసొచ్చింది పాపం, రానీండి." అని, సైకిలు హ్యాండిలు మీద గడ్డం ఆనించి, రైలు కోసం చూస్తున్నవాడిలా నీడ కోసం ఎదురు చూసేవాడు.

జాలెస్యే ఊరి సైకిలు సంఘంలో ఉన్న నిబంధనలన్నీ కలిపి ఒక్కటే. శిఖరానికి కిందుగా నాలుగు వందల మీటర్ల ఏటవాలు ఉంది. ఊళ్ళో అందరూ దాన్ని నిచ్చెన అంటారు. మెట్లకు బదులు దేవదారు వేళ్ళు. ఆ నిచ్చెన మీద ఎవరి కాలు ముందు నేలకు తగిలితే వాళ్ళు, శిఖరం మీద రేకు పెట్టెలో ఉండే పుస్తకంలో తమ పేరూ, కాలు పెట్టిన కారణమూ సొంత చేత్తో రాయాలి. మొదటి కాలికే శిక్ష. ఆ తర్వాత ఎన్ని కాళ్ళు తగిలినా అడిగేవాడు లేడు. అందరూ హాయిగా సైకిళ్ళు చెట్లకు ఆనించి, నీళ్ళు తాగి, ఊపిరి కూడగట్టుకుని మళ్ళీ ఎక్కవచ్చు.

ఆ పుస్తకం నిండా లుడ్విక్ బాబాయే.

ఒక్కసారి కూడా అందులోకి ఎక్కని పేరు తిల్కాది. తిల్కాకు యాభై రెండేళ్ళు. ఊరి పోస్టాఫీసులో గుమాస్తా. సంఘంలో చేరి పదకొండేళ్ళు. స్టాంపు కొనడానికి వచ్చినవాళ్ళకు స్టాంపుతోపాటు ఆ సంగతి కూడా అంటించి పంపేది.

"పదకొండేళ్ళు! ఒక్కసారంటే ఒక్కసారి నా కాలు ముందు తగల్లేదు. ఊరికే వస్తుందా?"

"రాదు, రాదు," అనేవారు వాళ్ళు కవరు అంచు నాలుకతో తడుపుకుంటూ.

మబ్బులూ నత్తలూ అలా ఉంచితే, బాబాయి చెప్పే కారణాల్లో సగానికి సగం ఒకటే. ఈల.

"ఆగండాగండి! ఈల వినబడింది. ఏదో పిట్ట."

కాలు కింద పెట్టేసేవాడు. వెనక ఉన్న తిల్కా ఆగేది, ఆమె వెనక సంఘం పెద్ద బొగోమిర్ ఆగేవాడు. అందరూ చెవులు రిక్కించేవారు. అప్పటికి కింద లోయంతా పొంగి చల్లారిన పాలలా పొగమంచు. అందులోంచి చర్చి గోపురం కొన ఒక్కటీ పైకి తేలేది. గంట కొడితే ఏటి అడుగునుంచి కొట్టినట్టుండేది. దేవదారు కొమ్మల చివర్ల నుంచి నీటి బొట్లు, ఎవరో లోపల కూర్చుని లెక్కపెట్టి వదులుతున్నట్టు, ఒక్కొక్కటే రాలేవి. ఆ రెండు నిమిషాలూ ఎవరి వయసూ ఎవరికీ గుర్తుండేది కాదు. పిట్ట మాత్రం మళ్ళీ కూసేది కాదు.

ఆ పిట్ట సంగతి తిల్కా మనసుకు పట్టించుకుంది. పక్షుల పుస్తకం కొంది. దుర్భిణి కొంది. ఒకరోజు బాబాయిని పోస్టాఫీసు కిటికీ దగ్గర పట్టుకుని దర్యాప్తు మొదలెట్టింది.

"సన్నటి ఈలా, బండ ఈలా?"

"సన్నగా మొదలై బండబారుతుంది."

"చెట్టు మీంచేనా?"

"ఊహూఁ. కిందనుంచి. దాదాపు వెనకనుంచి."

"అయితే నేల మీద గూడు పెట్టే జాతి!" తిల్కా రాసుకుంది. "రంగు?"

బాబాయి ఆమెను కాసేపు ఎగాదిగా చూశాడు. "ఎరుపు. బాగా ఎరుపమ్మాయ్. ముఖ్యంగా మొహం."

తిల్కా మూడేళ్ళు వెతికింది. అలాంటి పిట్ట పుస్తకంలో ఒకటి ఉన్నట్టే ఉంది గాని, అది ఆఫ్రికా దాటి రాదట.

బాబాయి ఉద్యోగం చేసినన్నాళ్ళూ చేసింది ఒకటే పని. మంచు మీద జారేవాళ్ళను కొండపైకి చేర్చే కుర్చీల లిఫ్టు నడపడం. ముప్ఫై అయిదేళ్ళు ఒక చెక్క గదిలో కూర్చుని, ఎర్ర మీట మీద చెయ్యేసి, మోటారు చప్పుడు విన్నాడు. "యంత్రం ఆగిపోయేముందు ఒక మాట చెబుతుంది," అనేవాడు. "చెప్పాక పరుగెత్తుకొచ్చేవాడు మెకానిక్కు. చెప్పకముందే ఆపేవాడు లిఫ్టువాడు." చలికాలాలు పలచబడి, మంచు రావడం మానేసి, కుర్చీలు తుప్పు పట్టాక సైకిలు కొన్నాడు. "ఊరందర్నీ కూచోబెట్టి పైకి పంపాను. మరి నేనెప్పుడు వెళ్ళేది?"

దిగేటప్పుడు ఆయన్ని చూడాలి. తడి వేళ్ళ మీద పడుచువాళ్ళు బ్రేకులు బిగించి చతికిలబడుతుంటే, బాబాయి కలలో నడిచేవాడిలా తేలిపోతూ పోయేవాడు. తిల్కాకు మొదటి రోజే చెప్పాడు. "వేరు కనబడితే దాన్ని చూడకు అమ్మాయ్. చూస్తే అది నిన్ను చూస్తుంది. దాటాక ఎక్కడికెళ్తావో అటు చూడు."

అలాంటి మనిషికి డెబ్బయ్యో పుట్టినరోజు వస్తోందని, ఆయన లేకుండా సంఘం కూర్చుంది. చోటు సిల్వో రొట్టెల దుకాణం వెనక గది. సిల్వో మనిషి లావు, మనసు మెత్తన. తను కాల్చిన అక్రోటు రొట్టె తానే కోసి అందరికీ పెడుతూ, "నేనూ చేరతా ఇకనుంచి. డాక్టరు చంపుతున్నాడు," అంటున్నాడు.

తిల్కా లేచింది.

"నాకూ బాబాయంటే ప్రాణమే. కానీ ప్రతి వారం కాలు పెట్టేస్తున్నాడు. పెద్దవాడయ్యాడు. ఆ మాట మనం అనలేం, ఆయన అనడు. అందరం కలిసి బ్యాటరీ సైకిలు ఇద్దాం. గౌరవంగా ఉంటుంది."

బ్యాటరీవాళ్ళ కాలు లెక్కలోకి రాదు. అంటే బాబాయి ఇక పుస్తకంలోంచి బయటికి. నిచ్చెన మీద అందరికీ ముందుండే చోటునుంచీ బయటికే. బొగోమిర్‌కు ఉన్నట్టుండి దగ్గొచ్చింది. అది అంటురోగంలా బల్ల చుట్టూ తిరిగింది. సిల్వోకైతే రొట్టె గొంతుకడ్డం పడింది.

"మంచి ఆలోచనే," అన్నాడు బొగోమిర్ కళ్ళు తుడుచుకుంటూ. "మరి కొలత?"

"దాదాపు నా అంతే ఉంటాడు," అని తిల్కా నిటారుగా నిలబడి చూపించింది. బొగోమిర్ జేబులోంచి టేపు తీసి, చాలా శ్రద్ధగా కొలిచాడు.

పుట్టినరోజు ముందు శుక్రవారం మధ్యాహ్నం, పోస్టాఫీసు మూసిన గంటలో, తిల్కా బీరువా తెరిచింది. నిండిపోయిన శిఖరం పుస్తకాలు దిగొచ్చి ఉండేది అక్కడే. బాబాయి కారణాలన్నీ ఏరి, విందులో చదివి నవ్వించాలని ఆమె సరదా. మబ్బు రాసుకుంది, నత్త రాసుకుంది, ఈల ఇరవైసార్లు రాసుకుంది. తర్వాత ఒక పేజీ దగ్గర కలం ఆగింది.

"కాలు తగల్లేదు. ముందుగా పైకి వచ్చింది: లుడ్విక్."

ఇదెప్పుడబ్బా? తారీఖు చూసింది. తను చెల్లెలి కూతురి బాప్తిస్మానికి ఊరెళ్ళిన ఆదివారం. సరే, ఆ రోజు బాబాయికి ఒంట్లో బాగుండి ఉంటుంది. పేజీలు తిప్పింది. వరసగా మూడు వారాలు: "కాలు తగల్లేదు. ముందుగా పైకి: లుడ్విక్." తన మోకాలికి కట్టు కట్టిన మూడు వారాలు. ఇంకొకటి: "కాలు: బొగోమిర్. కారణం: గొలుసు ఊడింది. ముందుగా పైకి: లుడ్విక్." తనకు జ్వరం వచ్చిన ఆదివారం.

తిల్కా అన్ని పుస్తకాలూ బల్ల మీద పరిచింది. పాత క్యాలెండర్లు దించి పక్కన పెట్టింది. తను లేని ఆదివారాల్లో మబ్బులు వాటి దారిన అవి పోయాయి. నత్తలు పక్కకు తప్పుకున్నాయి. నీడ బుద్ధిగా వెంట వచ్చింది. పిట్ట నోరెత్తలేదు.

ఎవరో కిటికీ తట్టి స్టాంపు అడిగారు. ఇచ్చింది. పదకొండేళ్ళ సంగతి చెప్పలేదు.

"ఏమ్మా, ఒంట్లో నలతగా ఉందా?" అన్నారు వాళ్ళు కంగారుగా.

పుట్టినరోజు ఆదివారం తెల్లవారింది. లోయ ఎప్పటిలాగే మంచు కప్పుకుని పడుకుంది. సెప్టెంబరు ఎండ చెట్ల సందుల్లోంచి తేనె జాలు వారినట్టు దిగుతోంది. నిచ్చెన మొదలైంది. ముందు బాబాయి, వెనక తిల్కా, ఆపైన మిగతావాళ్ళు.

ఈసారి తిల్కా ఒళ్ళంతా చెవులు చేసుకుంది. వంద మీటర్లు. ఏమీ లేదు. రెండు వందలు. టైరు కింద గులకరాళ్ళు, గొలుసు గరగర. మూడు వందల దగ్గర తొడలు మండిపోతుంటే, వినబడింది. సన్నగా. స్వీఈఈ.

చెట్ల పైకి చూసింది. ఏమీ లేదు. నోరు మూసుకుని ఇంకా జాగ్రత్తగా విందామనుకుంది. నోరు మూసేసరికి ఈల బండబారింది.

కిందనుంచి. దాదాపు వెనకనుంచి. మొహం ఎరుపు.

తన ముక్కు!

మూడేళ్ళు దుర్భిణి పెట్టి వెతికిన పిట్ట తన మొహం మధ్యలో గూడు పెట్టుకుని కూర్చుంది. సిగ్గుతో చావాలో, ఆయాసంతో చావాలో తిల్కాకు తేలలేదు. తలెత్తి చూసేసరికి, ముందు బాబాయి కుడికాలు పెడల్ మీంచి మెల్లగా జారుతోంది. ముప్ఫై అయిదేళ్ళు ఎర్ర మీట మీదికి చెయ్యి జారినట్టు. ఇంకో అరక్షణంలో నేలకు తగులుతుంది.

తిల్కా తన కాలును బరువైన పార్సిలు పడేసినట్టు దబ్బున నేల మీద పడేసింది.

"నాది! నా కాలే ముందు! అందరూ చూశారా?"

బాబాయి కాలు గాల్లోనే ఆగి, తిరిగి పెడల్ ఎక్కింది. తొక్కుతూనే మెడ వెనక్కి తిప్పి అరిచాడు. "అదేం పనే అమ్మాయ్! పదకొండేళ్ళు కాపాడుకొచ్చానే నీ పేరు! అరక్షణం ఓపిక పట్టలేకపోయావా? నేను ఆగబోతున్నానుగా!"

"పో బాబాయ్, పో! వెనక్కి చూడకు!" తిల్కా హ్యాండిలు మీద వాలిపోయి నవ్వుతోంది. "దాటాక ఎక్కడికెళ్తావో అటు చూడు!"

బాబాయి అటు చూశాడు. ఇక ఆగలేదు. డెబ్బయ్యేళ్ళ మనిషి, నిచ్చెన చివరి వంద మీటర్లూ, ఖాళీ కుర్చీ లిఫ్టు తీగ మీద సాగిపోయినంత తేలిగ్గా సాగి, పైన తెల్లటి వెలుగులోకి వెళ్ళిపోయాడు. పదకొండేళ్ళ నుంచీ ఆయన వెనక ఎక్కుతున్న తిల్కా, ఆయన ఆగకుండా ఎక్కడం చూడటం అదే మొదటిసారి.

శిఖరం మీద బాబాయి అలిగి, రేకు పెట్టె మీద కూర్చున్నాడు. "పుస్తకం ఇవ్వను."

"లే బాబాయ్. నిబంధన నిబంధనే."

"పిట్టేదో కూసిందని నా పేరే రాసేస్తా."

"ఆ పిట్ట సంగతి నాకు తెలిసిపోయింది."

బాబాయి గబగబా లేచి లోయవైపు తిరిగి, మంచును చాలా శ్రద్ధగా పరిశీలించడం మొదలుపెట్టాడు. చెవులు ఎర్రబడ్డాయి. తిల్కా పెట్టె తెరిచి, పదకొండేళ్ళలో మొదటిసారి, గుండ్రటి పోస్టాఫీసు అక్షరాలతో రాసింది:

"కాలు: తిల్కా. కారణం: పిట్ట దొరికింది."

కింద, పెట్టెలోనే ఉండే శిఖరం ముద్ర కొట్టింది. ఇంకోటి బాబాయి మణికట్టు మీద కొట్టింది.

శిఖరం మీదున్న గుడిసె దగ్గర, అడవి బాట మీదుగా వ్యానులో వచ్చిన నీలం బ్యాటరీ సైకిలు రిబ్బను కట్టుకుని నిలబడి ఉంది. ఇప్పుడు ఈయనకు ఏమని చెప్పడం? తిల్కా దగ్గరికెళ్ళి సీటు మీద చెయ్యేసింది. ఎక్కి కూర్చుంది. రెండు కాళ్ళూ కొలిచి పెట్టినట్టు పెడళ్ళ మీద కుదిరాయి. బాబాయి తన కంటే ఒక జానెడు పొడుగని ఆమెకు అప్పుడు తట్టింది.

"బొగోమిర్! ఇది ఎవరి కొలత?"

"ఆ రోజు లేచి నిలబడి చూపించావుగా." బొగోమిర్‌కు దగ్గొచ్చింది. సంఘం మొత్తానికి వచ్చింది.

"అంటే మీ అందరికీ..."

"పదేళ్ళ నుంచీ తెలుసు. మేమూ దమ్ము తీసుకోవాలిగా. నోరు మూసుకున్నాం."

బాబాయి సైకిలు చుట్టూ ఒకసారి తిరిగి, గంట కొట్టి చూశాడు. "మంచి బండే అమ్మాయ్. దీని మీదైతే నీ కాలు లెక్కలోకి రాదు. నా పని తగ్గింది."

తర్వాతి ఆదివారం తిల్కా నీలం సైకిలు మీద, చేతులు కడుక్కుని భోజనానికి వచ్చినంత హాయిగా నిచ్చెన ఎక్కుతోంది. ముక్కు మూగబోయింది. ముందు బాబాయి. వెనకెక్కడో, కొత్త బనీను కొత్త టోపీతో సిల్వో. మూడు వందల మీటర్ల దగ్గర కిందనుంచి ఒక చప్పుడు మొదలైంది. ఘర్. ఘర్. ఘర్.

బాబాయి కాలు టక్కున నేల మీద పడింది.

"ఆగండాగండి! రంపం కోత వినబడుతోంది."

"అవునవును," అంది తిల్కా వెంటనే, చెయ్యి కనుబొమల మీద పెట్టుకుని అడవంతా కలియజూస్తూ. "నాకూ వినబడుతోంది బాబాయ్."

సిల్వో వచ్చి, సైకిలు మీద బట్టలా వాలిపోయి, కాసేపటికి తలెత్తాడు. మొహం పొయ్యిలోంచి అప్పుడే తీసిన రొట్టెలా ఉంది.

"ఆదివారం పూట కట్టెలు కోసేదెవర్రా?" అన్నాడు కోపంగా. "పాపభీతి లేకుండా పోయింది జనానికి. ఉండండి, వాడెవడో నేను పట్టుకుంటా."